వైరస్‌ల వంశవృక్షం ఎంతవరకు చెబుతుంది?

కోళ్ల ఫారాల రోగాలపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివిన పాఠకులు, వైరస్‌ల పుట్టుపూర్వోత్తరాలను శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో చెబుతారని అడుగుతూ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఉత్తరాలు రాశారు. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాం. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించక తప్పలేదు.

ప్రశ్న: రాక్షసబల్లులకైనా ఎముకలు దొరుకుతాయి. వైరస్‌కు ఎముకా లేదు, శిలాజమూ లేదు. అలాంటి దానికి పరిణామ వృక్షం ఎలా గీస్తారని మా ఇంటర్ విద్యార్థులు అడుగుతున్నారు. వాళ్లకు తెలిసేలా ఎలా చెప్పాలి?
– జీవశాస్త్ర అధ్యాపకురాలు, మిర్యాలగూడ

జవాబు: వైరస్ చరిత్ర దాని జన్యుక్రమంలోనే, అంటే జన్యుపదార్థంలోని రసాయన అక్షరాల వరుసలోనే రాసి ఉంటుంది. కోవిడ్ వైరస్ జన్యుక్రమం దాదాపు 30,000 అక్షరాల పొడవు, హెచ్ఐవీది దాదాపు 9,700 అక్షరాలు. కణంలోకి చేరిన వైరస్ తనకు నకళ్లు తీయించుకునేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరానికి బదులు మరొకటి పడుతుంది. వీటిలా ఆర్ఎన్ఏ రూపంలో జన్యుపదార్థం ఉన్న వైరస్‌లలో చాలావాటికి రాసినదాన్ని సరిచూసుకునే ఏర్పాటు లేదు. కరోనా వైరస్‌లకు కొంత ఉంది కాబట్టి అవి ఫ్లూ, హెచ్ఐవీల కంటే నిదానంగా మారతాయి. అలా పడిన తప్పు వైరస్‌ను చంపకపోతే దాని సంతతి అంతటికీ సంక్రమిస్తుంది.

పాత చేతిరాత పహాణీలు (భూమి రికార్డులు) చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక ఏడాది నకలు రాసేటప్పుడు పట్వారీ మూడెకరాల పది గుంటలను పొరపాటున మూడెకరాల పదహారు గుంటలని రాశాడనుకోండి. దాన్ని చూసి రాసిన ప్రతి నకలులోనూ పదహారు గుంటలే ఉంటాయి. ఆ నకళ్లలో ఒకదాన్ని చూసి రాసినవారు పట్టాదారు తండ్రి పేరు కూడా తప్పు రాస్తే, అక్కడి నుంచి రెండు తప్పులూ కలిసి నడుస్తాయి. ఇప్పుడు తేదీలు చినిగిపోయిన నాలుగు నకళ్లు మీ ముందున్నాయి. రెండింటిలో రెండు తప్పులూ ఉన్నాయి, ఒకదానిలో గుంటల తప్పు మాత్రమే ఉంది, నాలుగోదానిలో ఏ తప్పూ లేదు. తేదీలు లేకపోయినా వీటిలో ఏవి దగ్గరి చుట్టాలో, ఏ కొమ్మ ముందు చీలిందో కాగితం మీద గీయవచ్చు. వైరస్ వృక్షాన్ని గీసే తర్కం ఇదే. నాలుగింటిలోనూ సర్వే నంబరు ఒకేలా ఉందన్న సంగతి మనకు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అది అందరికీ మూలం నుంచి వచ్చిన ఒప్పు. కొన్నింటికి మాత్రమే ఉమ్మడిగా ఉన్న తప్పే బంధుత్వానికి సాక్ష్యం.

అయితే పది గుంటలే అసలుదనీ, పదహారు తప్పనీ ఎవరు చెప్పాలి? 1954–55 నాటి ఖాస్రా పహాణీ తీసి చూడాలి. వైరస్‌ల విషయంలో అలాంటి మూలపత్రం దొరకదు కాబట్టి, పరిశీలిస్తున్న గుంపుకు చుట్టమైనా అందులో చేరని మరో వైరస్‌ను తెచ్చి పక్కన పెడతారు. దీన్ని అవుట్‌గ్రూప్ అంటారు. దానితో పోల్చినప్పుడే చెట్టుకు వేరు ఎక్కడుందో తెలుస్తుంది. వేరు తెలియని చెట్టు ఎవరు ఎవరికి దగ్గరో చెబుతుంది కానీ, ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పదు.

నాలుగు నమూనాలకైతే చేత్తో గీయవచ్చు. పది నమూనాలకు వేరుతో సహా గీయగల చెట్ల సంఖ్య 3,44,59,425 అని విద్యార్థులకు చెప్పండి, పని కంప్యూటర్‌కు ఎందుకు అప్పగిస్తారో వాళ్లకే తెలుస్తుంది. కొమ్మల మీద కనిపించే 95, 40 వంటి అంకెలు ఆ కొమ్మను ఎంతవరకు నమ్మవచ్చో సూచిస్తాయి. జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1985లో ప్రతిపాదించిన బూట్‌స్ట్రాప్ పద్ధతిలో, జన్యుక్రమాల్లోని స్థానాలను చీట్లు తీసినట్లు మళ్లీ మళ్లీ ఎంపిక చేసి ప్రతిసారీ కొత్త చెట్టు గీస్తారు. ఒక కొమ్మ నూటికి ఎన్నిసార్లు మళ్లీ కనబడిందో ఆ లెక్కే అంకెగా వేస్తారు. 40 ఉన్న కొమ్మ మీద కథలు అల్లకూడదు. పత్రికల్లో అచ్చయ్యే బొమ్మల్లో పక్కపక్కన ఉన్న రెండు పేర్లను చూసి అవి దగ్గరి చుట్టాలని పొరబడేవారు చాలామంది ఉన్నారు. చీలిక దగ్గర కొమ్మలను కిందికీ పైకీ తిప్పినా చెట్టు మారదు కాబట్టి, రెండు పేర్ల నుంచి వెనక్కి నడిచి ఎక్కడ కలుస్తాయో చూడడమే సరైన పద్ధతి.

ఒక్కోసారి ఒకే మార్పు వేర్వేరు కొమ్మల మీద విడివిడిగా పుడుతుంది. కోవిడ్ ఆల్ఫా, బీటా, గామా రకాలు మూడింటిలోనూ ముల్లు (స్పైక్) ప్రోటీన్ 501వ స్థానంలో ఒకే మార్పు వచ్చింది. దాన్ని మాత్రమే చూసి మూడింటినీ ఒకే కొమ్మకు కట్టి ఉంటే తప్పు చెట్టు వచ్చేది. జన్యుక్రమం మొత్తాన్ని కలిపి చూడడం అందుకే అవసరం.

ప్రశ్న: ఎయిడ్స్ 1981లో బయటపడింది. అది 1900 ప్రాంతం నుంచే మనుషుల్లో ఉందని చదివాను. అప్పటి రక్తం ఎవరూ దాచలేదు కదా, తేదీ ఎలా చెప్పారు?
– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, దేవరకొండ

జవాబు: అంత పాత రక్తం లేదు, కానీ 1959 నాటిది ఉంది. నేటి కిన్షాసా అప్పట్లో బెల్జియన్ కాంగోలోని లియోపోల్డ్‌విల్. అక్కడ 1959లో తీసిన ఒక రక్తనమూనాలోనూ, 1960లో అదే నగరంలో మైనపు దిమ్మలో భద్రపరచిన లింఫ్ గ్రంథి ముక్కలోనూ హెచ్ఐవీ జన్యు తునకలు దొరికాయి. మీరు ల్యాబ్‌లో పనిచేసినవారు కాబట్టి ఫార్మాలిన్‌లో, మైనంలో ఏళ్ల తరబడి ఉన్న ముక్క నుంచి జన్యుపదార్థం రాబట్టడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

ఈ రెండు నమూనాలూ అప్పటికే ఒకదానికొకటి చాలా భిన్నంగా ఉన్నాయి. ఒకే నగరంలో ఏడాది తేడాతో దొరికిన వైరస్‌ల మధ్య అంత తేడా రావాలంటే, వాటి ఉమ్మడి పూర్వీకుడు అప్పటికి కొన్ని దశాబ్దాల ముందే ఉండి ఉండాలి. లెక్క ఇలా కడతారు: ఒక్కో నమూనా సేకరించిన సంవత్సరాన్ని అడ్డంగానూ, చెట్టు వేరు నుంచి దాని దూరాన్ని నిలువుగానూ గుర్తిస్తారు. కొత్త నమూనాలు వేరుకు ఎక్కువ దూరంలో, పాతవి తక్కువ దూరంలో పడి చుక్కలు ఒక ఏటవాలు గీత మీదికి వస్తాయి. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే దూరం సున్నా అయ్యే సంవత్సరమే ఉమ్మడి పూర్వీకుడి కాలం. పరిణామ శాస్త్రజ్ఞుడు మైకేల్ వొరోబీ బృందం 2008లో ఇలాంటి విశ్లేషణతోనే ప్రపంచమంతా వ్యాపించిన హెచ్ఐవీ–1 ఎమ్ గుంపు పూర్వీకుడిని 1908 ప్రాంతానికి చేర్చింది. ఆ అంచనా 1884 నుంచి 1924 వరకు ఎక్కడైనా ఉండవచ్చని కూడా వారే చెప్పారు. నా దృష్టిలో ఆ నలభై ఏళ్ల విస్తీర్ణం చెప్పకుండా 1908 అని మాత్రమే రాసే వార్త సగం వార్తే.

ఎక్కడి నుంచి అన్నది వేరే ప్రశ్న. ఆగ్నేయ కామెరూన్ అడవుల్లో చింపాంజీల మలాన్ని సేకరించి, అందులోని వైరస్‌లను చెట్టు మీదికి ఎక్కించినప్పుడు ఎమ్ గుంపుకు అతి దగ్గరి చుట్టాలు అక్కడే దొరికాయని 2006లో తేలింది. హెచ్ఐవీ–1లోని గుంపులు అన్నీ ఒకే కొమ్మ నుంచి రాలేదు, చింపాంజీ, గొరిల్లా వైరస్‌ల మధ్య విడివిడిగా కూర్చున్నాయి. అంటే ఆ వైరస్ మనిషిలోకి ఒకసారి కంటే ఎక్కువసార్లే దాటింది. హెచ్ఐవీ–2 పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే అనే కోతి నుంచి వచ్చింది. 1950లలో కాంగోలో వేసిన పోలియో చుక్కల మందు ద్వారా ఎయిడ్స్ వచ్చిందన్న వాదం కూడా చెట్టు దగ్గరే వీగిపోయింది. ఆ వాదం ప్రకారం మందుకు వాడారన్న చింపాంజీలు కాంగోలోని కిసాంగానీ పరిసరాలవి. అక్కడి చింపాంజీల వైరస్ వేరే కొమ్మ మీదిదని 2004లో చూపారు.

అక్షరాలు మారే వేగంతో కాలాన్ని లెక్కగట్టే ఈ గడియారం అప్పుడప్పుడు ఆగుతుంది, ఆగినప్పుడే ఎక్కువ చెబుతుంది. 1977లో మళ్లీ తలెత్తిన హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్, 1950 ప్రాంతపు వైరస్‌తో దాదాపు ఒకేలా ఉంది. ఇరవై ఏడేళ్లు మనుషుల్లో తిరిగి ఉంటే అలా ఉండడం అసాధ్యం. ఎక్కడో ప్రయోగశాల ఫ్రీజర్‌లో నిద్రపోయి, ఏదో ప్రయోగం ద్వారానో టీకా పరీక్ష ద్వారానో బయటికి వచ్చిందని ఎక్కువమంది నమ్మడానికి కారణం అదే. 2021లో గినీలో వచ్చిన ఎబోలా వైరస్ కూడా 2014–16 నాటి వైరస్‌కు ఊహించినదానికంటే చాలా దగ్గరగా ఉంది. మధ్యలో అది గబ్బిలాల్లో తిరగలేదు, ఐదేళ్ల కిందట కోలుకున్న మనిషి శరీరంలోనే నిదానంగా దాగి ఉందన్న నిర్ధారణకు రావడానికి ఆ పొట్టి కొమ్మే ఆధారమైంది.

ప్రశ్న: కోవిడ్ వైరస్‌కూ గబ్బిలం వైరస్‌కూ 96 శాతం పోలిక ఉందంటారు. నూటికి 96 మార్కులంటే దాదాపు అదే కదా! మరి అది జంతువుల నుంచి వచ్చిందా, ప్రయోగశాల నుంచా అన్న వివాదం ఇంకా ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మార్కుల లెక్కలో 96 గొప్పదే. 30,000 అక్షరాల్లో 4 శాతానికి కాస్త తక్కువ తేడా అంటే దాదాపు 1,150 అక్షరాలు. కోవిడ్ వైరస్ మనుషుల్లో తిరిగిన తొలి ఏడాదిలో నెలకు సుమారు రెండు అక్షరాల చొప్పున మారింది. ఆ 1,150 తేడాలను రెండు కొమ్మల మీదా సమానంగా పంచినా దశాబ్దాలు పడుతుంది. చైనాలోని యునాన్‌లో 2013లో సేకరించిన ఆర్ఏటీజీ13 అనే ఆ గబ్బిలం వైరస్, కోవిడ్ వైరస్ కొమ్మ నుంచి 40 నుంచి 70 ఏళ్ల కిందట విడిపోయి ఉంటుందని 2020లో అంచనా వేశారు. అది తల్లి కాదు, దూరపు దాయాది. తర్వాత లావోస్‌లో దొరికిన బనాల్–52 అనే గబ్బిలం వైరస్ పోలిక 96.8 శాతం. దానికీ అదే మాట వర్తిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. కరోనా వైరస్‌లు రెండు ఒకే కణంలో కలిసినప్పుడు తమ జన్యుక్రమంలోని తునకలను ఇచ్చిపుచ్చుకుంటాయి. అందువల్ల ఒక్కో తునకకు ఒక్కో పూర్వీకుడు ఉండవచ్చు. మొత్తానికి ఒకే చెట్టు గీస్తే అది నిజానికి ఎవరి చెట్టూ కాని సగటు చెట్టు అవుతుంది. అందుకే ఇప్పుడు జన్యుక్రమాన్ని తునకలుగా విడగొట్టి ఒక్కోదానికి వేర్వేరు చెట్లు గీస్తున్నారు. కొన్ని తునకల్లో గబ్బిలం వైరస్‌లతో చుట్టరికం మరీ ఇటీవలిదని అలా తేలింది.

వేరు ఎక్కడ అన్న ప్రశ్న వూహాన్ తొలి నమూనాల విషయంలో ఎంత ఇబ్బంది పెట్టిందో చూడండి. అక్కడి తొలి వైరస్‌లు ‘ఏ’, ‘బీ’ అని రెండు శాఖలు. వాటి మధ్య తేడా రెండే అక్షరాలు, 8,782వ స్థానంలో ఒకటి, 28,144వ స్థానంలో ఒకటి. ఆ రెండు చోట్లా ‘ఏ’ శాఖలో ఉన్న అక్షరాలే గబ్బిలం వైరస్‌లలోనూ ఉన్నాయి కాబట్టి ‘ఏ’ శాఖే ముందుదనిపిస్తుంది. కానీ ముందుగా దొరికిన రోగులు, బతికున్న అడవి జంతువులను కూడా అమ్మిన అక్కడి హువానాన్ మార్కెట్‌తో సంబంధం ఉన్నవారు ‘బీ’ శాఖవారు. మార్కెట్లో దొరికిన ఒక చేతితొడుగు మీద ‘ఏ’ శాఖ కూడా ఉన్నట్లు తర్వాత బయటపడింది. ఒకే జంతువుల గుంపు నుంచి రెండుసార్లు మనుషుల్లోకి దాటిందని 2022లో ఒక బృందం వాదించింది, ఇతరులు ఒక్కసారే దాటి మనుషుల్లోనే చీలిందన్నారు. రెండక్షరాల తేడా మీద ఇంతకంటే గట్టిగా చెప్పడం కష్టమని నా అభిప్రాయం.

వివాదం తేలకపోవడానికి అసలు కారణం సాఫ్ట్‌వేర్‌లో లేదు. 2019 చివర ఆ మార్కెట్లో అమ్మిన బతికున్న అడవి జంతువుల నుంచి నమూనాలు తీయకముందే వాటిని తొలగించారు. నమూనా లేని చోట చెట్టుకు కొమ్మ మొలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక, ఉన్న ఆధారాలు జంతువుల నుంచి వచ్చిందన్న వైపే మొగ్గుతున్నాయని చెబుతూనే, ప్రయోగశాల ప్రమాదం అనే అవకాశాన్ని తోసిపుచ్చడానికి కావలసిన సమాచారం చైనా నుంచి అందలేదని పేర్కొంది.

ప్రశ్న: 2025 మార్చిలో మా మండలంలోని గుండ్రాంపల్లిలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను పూడ్చిపెట్టారు. నమూనాలు భోపాల్ పంపారు. ఏ దారిన ఫారానికి వచ్చిందో ఆ పరీక్షలో తెలియదా? కొంగల వల్ల అని ఒకరు, గుడ్ల ట్రేల వల్ల అని ఒకరు అంటున్నారు.
– కోళ్ల రైతు, చిట్యాల మండలం

జవాబు: భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల ముందుగా చేసేది రోగనిర్ధారణ. అది బర్డ్ ఫ్లూ కలిగించే హెచ్5ఎన్1 వైరస్ అవునా కాదా అని తేలితే చాలు, ఫారం చుట్టూ కిలోమీటరు వరకు కోళ్ల ఏరివేత, పది కిలోమీటర్ల వరకు నిఘా మొదలవుతాయి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కావాలంటే వైరస్ జన్యుక్రమం మొత్తం చదివి చెట్టు మీద పెట్టాలి. అది ఇంకొక అంచె పని.

ఫ్లూ వైరస్ జన్యుక్రమం ఒకే పోగు కాదు, ఎనిమిది విడి ముక్కలు. రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకే పక్షిలో ఒకే కణంలో చేరితే, పుట్టే సంతతిలో ఈ ఎనిమిది ముక్కలూ అటూ ఇటూ కలిసిపోతాయి. అందుకే ఎనిమిది చెట్లు విడిగా గీస్తారు. 2009 నాటి స్వైన్ ఫ్లూలో ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందుల వైరస్ నుంచీ, రెండు ఐరోపా–ఆసియా పందుల వైరస్ నుంచీ వచ్చాయని తెలిసింది ఇలాగే. ఆ పూర్వీకులు పందుల్లో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా తిరిగాయని కూడా ఆ పొడుగు కొమ్మలే చూపాయి. హెచ్5ఎన్1 విషయంలో ఎనిమిదింటిలో, పేరులోని హెచ్5ను సూచించే హెచ్ ముక్క చెట్టును వెనక్కి పట్టుకుపోతే అది 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతుజాతి పక్షిలో దొరికిన వైరస్ దగ్గరికి చేరుతుంది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. మన దేశంలో మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాల్లో బయటపడింది.

కొంగా, ట్రేయా అన్న ప్రశ్నకు దగ్గరి పోలిక అమెరికా పాడి పశువుల్లో ఉంది. 2024 మార్చిలో అక్కడ ఆవుల్లో హెచ్5ఎన్1 కనబడి, నెలల్లో అనేక రాష్ట్రాల డెయిరీలకు పాకింది. పక్షులే ఊరూరా మోస్తూ ఉంటే, ఆవుల వైరస్‌లు చెట్టు మీద పక్షుల వైరస్‌ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి కనబడాలి. అవి అన్నీ ఒకే కొమ్మకు గుత్తిగా పట్టి ఉన్నాయి. అంటే 2023 చివరి ప్రాంతంలో ఒక్కసారి పక్షి నుంచి ఆవుకు దాటి, ఆపైన ఆవుల రవాణాతోనే రాష్ట్రాలు దాటింది. 2025 మొదట్లో నెవాడాలో మరో కొమ్మ మీది వైరస్ ఆవుల్లో కనబడింది. అది పక్షుల నుంచి వేరుగా జరిగిన మరో దాటుడు.

మీ మండలంలోనూ ఇదే పద్ధతి. వేర్వేరు ఫారాల వైరస్‌లు ఒకే గుత్తిగా ఉండి చెరువు పక్షుల నమూనాలకు దూరంగా ఉంటే, ఫారం నుంచి ఫారానికి మనుషులో, బండ్లో, ట్రేలో మోశాయని అర్థం. గుత్తులు విడివిడిగా పక్షుల వైరస్‌ల పక్కన ఉంటే పక్షుల మీద అనుమానం బలపడుతుంది. దీనికి ఒక్కో ఫారం నుంచీ, చుట్టుపక్కల చెరువుల మీద వాలే పక్షుల నుంచీ నమూనాలు ఉండాలి. పక్షులవి లేకుండా కోళ్లవి మాత్రమే పెట్టి గీసిన చెట్టు కొంగలను నిర్దోషులుగా తేల్చలేదు, దోషులుగానూ తేల్చలేదు.

వారం రోజుల తేడాలో రెండు ఫారాల్లో వస్తే వైరస్‌లో ఒక్క అక్షరమూ మారి ఉండకపోవచ్చు. అప్పుడు రెండు క్రమాలూ ఒకేలా ఉండి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెట్టు చెప్పలేదు. అక్కడ పనికొచ్చేది మీ గేటు దగ్గర రిజిస్టరే: దాణా లారీ ఏ రోజు వచ్చింది, గుడ్ల బండి అంతకుముందు ఏ ఫారానికి వెళ్లి వచ్చింది, లిట్టర్ ఎత్తినవాళ్లు ఎవరు. ఇవి రాసి ఉంచండి.

ప్రశ్న: మాది గీత వృత్తి. బంగ్లాదేశ్‌లో ఈతకల్లు తాగి నిఫా వైరస్ వచ్చిందని ఫోన్లలో తిప్పుతున్నారు. అది మన ఈత చెట్టేనా? మన కల్లుకు ముప్పు ఉందా?
– గీత కార్మికుడు, మునుగోడు

జవాబు: చెట్టు మన ఈత జాతిదే. అక్కడ చలికాలంలో గీసి తీసే పచ్చి నీరాను పొద్దున్నే తాగుతారు. రోగుల ఇళ్లలో ఏం తిన్నారో ఏం తాగారో అడిగి తెలుసుకున్నప్పుడు ఈ నీరా మీద అనుమానం వచ్చింది. రాత్రిళ్లు చెట్లకు కెమెరాలు కడితే, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు గీత దగ్గర కారే నీరాను నాకుతూ కనబడ్డాయి.

పరిణామ వృక్షం ఇందులో మరో సంగతి తేల్చింది. 1998–99లో మలేసియాలో నిఫా తొలిసారి బయటపడినప్పుడు రోగుల నుంచి తీసిన వైరస్‌లు దాదాపు ఒకేలా ఉన్నాయి. గబ్బిలం నుంచి పందులకు చేరి, పందుల నుంచి మనుషులకు పాకినందున అలా జరిగింది. బంగ్లాదేశ్‌లో ఒక్కో ఊరి వైరస్ ఒక్కో రకంగా, చెట్టు మీద విడివిడి కొమ్మల మీద ఉంది. అంటే అక్కడ గబ్బిలం నుంచి మనిషికి మళ్లీ మళ్లీ కొత్తగా దాటుతోంది. 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో 17 మందిని బలిగొన్న వైరస్, అక్కడి గబ్బిలాల్లో దొరికిన వైరస్‌లతో 99.7 శాతానికి పైగా కలిసింది. అది ఎక్కడి నుంచో దిగుమతి అయింది కాదని దీనివల్ల తెలిసింది. కానీ ఏ పండు ద్వారానో, ఏ పానీయం ద్వారానో తొలి రోగికి చేరిందన్నది చెట్టు చెప్పే సంగతి కాదు.

పులిసిన కల్లులో వైరస్ చస్తుందని ధీమా పడవద్దు. బంగ్లాదేశ్‌లో పులిసిన కల్లు తాగినవారికి కూడా నిఫా సోకిన ఘటనలు నమోదయ్యాయి. లొట్టి మూతినీ, గీత గీసిన చోటునూ రాత్రిపూట గబ్బిలం నోరు తగలకుండా కప్పడం అసలు పని. అక్కడ వెదురు తడికెలు కట్టి చూస్తే గబ్బిలాలు నీరాను ముట్టలేకపోయాయి. ఈత, తాటి మట్టలతో ఇలాంటివి అల్లడం మీకు కొత్త విద్యేమీ కాదు. గబ్బిలాలను చంపడం, అవి ఉన్న చెట్లను నరకడం వల్ల అవి చెదిరి కొత్త చోట్లకు వెళ్తాయి తప్ప ప్రయోజనం లేదు.

ప్రశ్న: ప్రపంచంలోని వైరస్‌లన్నింటికీ కలిపి ఒకే మూలపురుషుడు ఉన్నాడా?
– పదో తరగతి విద్యార్థిని, అచ్చంపేట

జవాబు: లేడనే చెప్పాలి. చెట్టూ, చేపా, మనిషీ, బ్యాక్టీరియా అన్నింటిలోనూ రైబోసోమ్ జన్యువులు ఉన్నాయి కాబట్టి వాటిని ఒకే చెట్టు మీదికి ఎక్కించగలం. వైరస్‌లన్నింటికీ ఉమ్మడిగా ఉన్న జన్యువు ఒక్కటీ లేదు. కాబట్టి వైరస్‌లది ఒక చెట్టు కాదు, వేర్వేరు వేళ్లున్న తోపు. ఇంకో మాట: మన సొంత జన్యుక్రమంలో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌లు విడిచి వెళ్లిన అవశేషాలే. వాటిలో కొన్ని మనలోనూ చింపాంజీలోనూ సరిగ్గా ఒకే చోట ఉన్నాయంటే, మనమూ చింపాంజీలూ విడిపోకముందే అవి చేరాయన్నమాట. మిర్యాలగూడ అధ్యాపకురాలు అడిగిన శిలాజాలు వైరస్‌లకు ఉన్నదల్లా ఇవే.

ప్రశ్న: ఫలానా వ్యక్తి వల్లే హెచ్ఐవీ సోకిందని వైరస్ వృక్షం చూపి కోర్టులో నిరూపించవచ్చా?
– న్యాయవాది, నల్లగొండ

జవాబు: కాదని చెప్పడానికి అది బలమైన సాక్ష్యం, అవునని చెప్పడానికి బలహీనమైనది. ఇద్దరి వైరస్‌లు చెట్టు మీద దూరపు కొమ్మల్లో ఉంటే ఒకరి నుంచి ఒకరికి నేరుగా సోకలేదని ధైర్యంగా చెప్పవచ్చు. దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం మూడు అవకాశాలు మిగులుతాయి: మొదటివారి నుంచి రెండోవారికి, రెండోవారి నుంచి మొదటివారికి, లేదా నమూనా తీయని మూడో వ్యక్తి నుంచి ఇద్దరికీ. ఒక్కొక్కరి నుంచి చాలా వైరస్‌లు చదివి చూసినప్పుడు ఒకరి వైరస్‌లన్నీ మరొకరి వైరస్‌ల గుంపులో ఒక చిన్న కొమ్మగా ఇమిడి ఉంటే దిశ కొంత తెలుస్తుంది. అమెరికాలోని లూసియానాలో ఒక వైద్యుడు తన మాజీ ప్రియురాలికి హెచ్ఐవీ రోగి రక్తం ఎక్కించాడన్న కేసులో ఇలాంటి సాక్ష్యాన్ని 1998లో కోర్టు పరిగణించింది. అక్కడ కూడా శిక్ష పడింది చెట్టు ఒక్కదాని మీద ఆధారపడి కాదు, ఇతర సాక్ష్యాలూ ఉన్నాయి.

నిర్దోషులను కాపాడడంలో దీని విలువ బెంఘాజీ కేసులో కనబడింది. లిబియాలోని ఆ నగరపు పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్ఐవీ సోకింది. 1998 మార్చిలో అక్కడ చేరిన ఐదుగురు బల్గేరియా నర్సులు, ఒక పాలస్తీనా వైద్యుడు కావాలనే ఎక్కించారని అభియోగం మోపి మరణశిక్ష విధించారు. పిల్లల హెచ్ఐవీ, హెపటైటిస్–సీ వైరస్‌లను చెట్టు మీద పెట్టి కాలం లెక్కగడితే, ఆ రెండు వైరస్‌లూ ఆ విదేశీయులు రాకముందే ఆసుపత్రిలో పాకుతున్నాయని తేలింది. ఈ విశ్లేషణ 2006 డిసెంబరులో వెలువడింది. అదే నెలలో కోర్టు మరణశిక్షనే మళ్లీ ఖరారు చేసింది. తర్వాత సాగిన దౌత్య చర్చల ఫలితంగా 2007 జులైలో వారు విడుదలయ్యారు.

మీ దగ్గరికి ఇలాంటి కక్షిదారు వస్తే, నివేదిక ఇచ్చిన ప్రయోగశాలను రెండు విషయాలు తప్పకుండా అడగండి: పోల్చడానికి అదే ప్రాంతపు ఇతర రోగుల నమూనాలు ఎన్ని వాడారు, ఆ కొమ్మ మీది బూట్‌స్ట్రాప్ అంకె ఎంత. మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్ఐవీ సీ ఉపరకమే కాబట్టి, స్థానిక నమూనాలు లేకుండా విదేశీ క్రమాలతో పోలిస్తే మన ఊరి ఏ ఇద్దరి వైరస్‌లైనా దగ్గరి చుట్టాలుగానే కనబడతాయి. నమూనా అడిగే ముందు 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని చూడండి. ఆ చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరినీ తమ హెచ్ఐవీ స్థితిని వెల్లడించాలని బలవంతం చేయడానికి వీల్లేదు.